ఐదు రోజుల మంచు

బహ్రెయిన్‌లోని బుసైతీన్‌లో సముద్రాన్ని పూడ్చిన నేల మీద పద్నాలుగు అంతస్తుల భవనం లేస్తోంది. స్వామి అక్కడ సేఫ్టీ సూపర్‌వైజర్. ఉజ్వల ఆ భవనానికి ఇంజనీరు. రంజాన్ నెల కావడంతో, ఉపవాసం లేనివాళ్లు మధ్యాహ్నం సైట్ క్యాబిన్ తలుపు వేసుకుని తినేవాళ్లు. ఆ రోజు పర్మిట్ మీద సంతకం కోసం స్వామి లోపలికి వెళ్లేసరికి ఆమె టిఫిన్ డబ్బా పక్కకు జరిపి ల్యాప్‌టాప్‌లో ఒక పటం చూస్తోంది. సన్నటి గీతలు దగ్గర దగ్గరగా చుట్టుకున్న కొండల పటం అది.

స్వామి కాగితం ఇవ్వడం మరిచిపోయి ఆ గీతల వంకే చూస్తూ నిలబడ్డాడు.

“ఈ వాలు తూర్పు మొకం ఉన్నది మేడం. మార్చిల అయితే పొద్దున పదింటిలోపు దిగిపోవాలె. అటెన్క దాని కింద నిలబడొద్దు.”

ఉజ్వల తలెత్తింది. ఏడాదిన్నరగా ఆయన నోట హెల్మెట్లు, తాళ్లు, నిచ్చెనల మాట తప్ప ఆమె విన్నది లేదు. మీకెలా తెలుసని అడిగింది.

అప్పుడు చెప్పాడు. నిర్మల్ దగ్గర ఖానాపూర్ తనది. పంతొమ్మిదో ఏట పటాలంలో చేరాడు. పదిహేడేళ్ల సర్వీసులో పదకొండు చలికాలాలు కశ్మీర్ కొండల మీదే గడిచాయి. అక్కడే స్కీయింగ్ నేర్పించారు. హవల్దార్‌గా దిగిపోయాక ఊళ్లో రెండేళ్లు ఉండి, ఇటు వచ్చి ఐదేళ్లయింది.

ఉజ్వల కాకినాడ పిల్ల. పెళ్లయ్యాక నాలుగేళ్లు నార్వేలో ఉద్యోగం చేసింది. కేబుల్ కార్లూ జనమూ లేని కొండల్లో, స్కీల అడుగున పట్టీలు అతికించుకుని సొంత కాళ్లతో పైకెక్కి, ఎవరూ తొక్కని మంచు మీద జారుతూ దిగడం అక్కడే అలవాటైంది. ఆమె భర్త విశాల్‌కు చలి పడదు. ఆ నాలుగేళ్లూ ఆయన కిటికీలోంచే మంచు చూశాడు. బహ్రెయిన్ వచ్చాక ఆమె స్కీలు బుదైయాలోని ఇంట్లో అటక మీదికి చేరాయి. ఈసారి పండుగ సెలవులకు ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఎక్కడికైనా వెళ్లాలని పట్టుబట్టి కూర్చుంది. రానూపోనూ కలిపి ఐదు రోజులే. ఎక్కడికన్నది తేలడం లేదు.

ఆ వారమంతా భోజనాల వేళ ఇద్దరూ పటాల ముందు కూర్చున్నారు. టర్కీ తూర్పు కొండలు ఆమెకు ఇష్టం. రెండు విమానాలు మారి, ఆపైన బస్సులో సగం రోజు పోతే మీకు మిగిలేది రెండు పూటలని స్వామి లెక్క తేల్చాడు. జార్జియా అయితే దగ్గరే. కాని ఆమె ఎంచిన ఊరు ఒక కనుమకు అవతల ఉంది.

ఆ కనుమ దగ్గర స్వామి వేలు ఆగిపోయింది. వసంతంలో అలాంటి దారుల మీదికి మంచు విరుచుకు పడుతుందనీ, ఒకటి రెండు రోజులు మూసేస్తారనీ, అవతల చిక్కుకుంటే ఆరో రోజు డ్యూటీకి రాలేరనీ చెప్పాడు. కనుమకు ఇవతలే ఒక చిన్న ఊరు వెతికాడు. దాని వెనక కొండకు తూర్పు, దక్షిణం, పడమర మూడు వైపులా వాలులున్నాయి. ఎండ ఎటు తిరిగితే అటు తిరగొచ్చు.

“రాత్రి గడ్డకట్టి రాయి లెక్క అయితది మేడం. పొద్దుగాల ఎండ తాకంగనే పైన రెండు వేళ్ల మందం రవ్వ లెక్క మారుతది. అప్పుడే దిగాలె. గంట, గంటన్నర, అంతే. జర ముందుగాల పోతే కాళ్లు జారుతయి, ఆలస్యమైతే కొండనే జారుతది.”

ఇలా చెబుతున్నప్పుడు ఆయన చెయ్యి పటం మీద మెల్లగా వంపులు తిరుగుతూ కిందికి దిగేది. ఉజ్వల ఒకరోజు ఆ చేతినే చూస్తూ, మీకు అన్నిటికంటే నచ్చిన కొండ ఏదని అడిగింది. నచ్చడమూ నచ్చకపోవడమూ అనే మాట అక్కడ లేదన్నాడు స్వామి. వీపున బరువు, భుజాన తుపాకీ, ముందు మనిషి గీసిన గీతలో వెనక మనిషి దిగాలి. పదకొండు చలికాలాల్లో ఒక్కసారి కూడా ఎటు దిగాలో తను అనుకుని దిగలేదు. గుల్‌మార్గ్‌లో వాళ్లు శిక్షణ చేసే వాలు పక్కనే గిన్నెలా గుండ్రంగా ఒక లోయ ఉండేది. రోజూ దాన్ని చూస్తూ వెళ్లేవాళ్లు. అటు పోవడానికి ఆర్డరు ఎప్పుడూ రాలేదు.

రెండు రోజుల తర్వాత స్నేహితురాళ్లలో ఒకామె రావడం కుదరలేదు. ఉజ్వల నేరుగా అడిగేసింది.

“మా కోసం ఇంత చూశారు కదండీ. మీరూ రండి స్వామి గారూ. ఎటు దిగాలో మీరే చెబుదురుగాని.”

ఆలోచించుకుని చెబుతానని ఆయన బయటికి వచ్చాడు. కాని ఆలోచన అప్పటికే అయిపోయింది. ఆ సాయంత్రం డ్యూటీ దిగాక క్యాంపు బస్సు ఎక్కలేదు. భవనం మెట్లన్నీ పైదాకా ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాడు. బహ్రెయిన్‌లో ఎత్తంటే ఫ్లైఓవర్లూ ఇలాంటి కట్టడాలే. పద్నాలుగో అంతస్తులో ఇంకా గోడలు లేవలేదు. నాలుగు వైపులా చదునైన నేల, దానికంటే చదునైన సముద్రం. ఊపిరి ఆడక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడి, చల్లగాలి ముక్కులోకి సూదిలా దిగడం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తుకు రాలేదు. సిమెంటు వాసనే వచ్చింది. దాంతో ఆయనకు గుబులు పట్టుకుంది. పది రోజులు వరసగా మెట్లెక్కాడు.

శుక్రవారం భార్య సరితతో వీడియోలో మాట్లాడాడు. సరిత ఖానాపూర్‌లో అంగన్‌వాడీ టీచరు. ఏడాదికొకసారి ఆగస్టులో స్వామి ఇంటికి వెళ్తాడు. పండుగ సెలవులు చిన్నవి కాబట్టి ఎప్పుడూ వెళ్లడు. జార్జియా సంగతి చెప్పాడు. మాట మధ్యలో తన గొంతు పెరగడం తనకే వినిపించింది. కనుమకు ఇవతలి ఊరు, మూడు వాలుల కొండ, పొద్దుటి ఎండ అన్నీ వర్ణించాడు. సరిత వింటూ వింటూ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“పెండ్లయిన కొత్తల నువ్వు పంపిన ఫోటోలు ఇంకా ఉన్నయి నా దగ్గర. ఒక్కసారన్న తీస్కపోయి చూపిస్త అన్నవు,” అంది.

సరిత కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది.

“నిన్ను పోవద్దంటలేను. పో. మనసుకు ఎంత అనిపిస్తున్నదో నీ మాటల్ల తెలుస్తనే ఉన్నది. ఎటు పోవాల్నో నన్ను అడగకుంట తేల్చుకున్నవు, అదొక్కటే.”

ఆమె కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఆయన్ని వదలలేదు. ఆ పూట మెట్లెక్కలేదు. ఇంతకాలం తనను ఎవరూ ఎటు పోదామని అడగలేదని బాధపడ్డ మనిషి, ఇన్నేళ్లలో ఆమెను ఒక్కసారైనా అడిగాడా అని వెతుక్కున్నాడు. పటాలం, గల్ఫు, సెలవు నెల, అన్నీ చెప్పడమే తప్ప అడగడం కనిపించలేదు.

మర్నాడు ఫోన్ చేసి, కశ్మీర్ పోదామా అని అడిగాడు. అక్కడ చలికి ఏం కట్టుకుంటారని సరిత అడిగింది. అదే ఒప్పుకోలు.

జార్జియా రావడం లేదని, కశ్మీర్ పోతున్నానని ఉజ్వలకు చెప్పినప్పుడు ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. ఆ లోయేనా అని అడిగింది. అవునో కాదో తెలియదన్నాడు స్వామి. మంచు ఎలా ఉంటుందో, సరిత ఏమంటుందో చూడాలి. ఆమె అటక మీది పట్టీల జత ఒకటి దింపి తెచ్చి, ఇది మీరు తీసుకెళ్లండని చేతిలో పెట్టింది.

పండుగ సెలవుకు రెండు రోజులు కలపమని అర్జీ పెడితే ఒక రోజు దొరికింది. సరిత మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కి ఢిల్లీ చేరింది. ఇద్దరూ అక్కడ కలుసుకుని శ్రీనగర్ వెళ్లారు. గుల్‌మార్గ్‌లో బండి దిగేసరికి దారి పక్కన మంచు మట్టి కలిసి నల్లగా ఉంది. ఇదేనా అన్నట్టు సరిత చూసింది. రెండో రోజు గాలి ఎక్కువై కేబుల్ కారు ఆపేశారు. ఇద్దరూ గదిలో దుప్పట్లు కప్పుకుని టీ తాగుతూ కూర్చున్నారు. చాలా ఏళ్ల తర్వాత వాళ్లు ఒక రోజంతా ఏ పనీ లేకుండా గడిపింది అదే. స్వామి మాటిమాటికీ లేచి కిటికీ దగ్గరికి వెళ్తుంటే సరిత నవ్వింది. రేపు ఒక్క పొద్దు ఉంది కదా అంది.

మర్నాడు తెల్లవారి ఆకాశం కడిగినట్టుంది. మొదటి కేబుల్ కారులో మధ్య స్టేషన్ దాకా వెళ్లారు. తలుపు తెరుచుకుని బయట అడుగు పెట్టగానే సరిత ఆగిపోయింది. చుట్టూ తెల్లదనం, మధ్యలో ఎక్కడా గీత లేదు. ఆమె వంగి గ్లవ్ తీసి అరచేత్తో మంచును నొక్కింది. ఫోటోలలో చప్పుడు ఇంత తక్కువుంటదని తెలువలేదని అంది.

స్వామి స్కీలు అద్దెకు తీసుకుని, ఒక గైడును మాట్లాడాడు. ఆ లోయ దిగడానికి ఈ పూట బాగుందని గైడు చెప్పాడు. స్వామి సరిత వంక చూశాడు. పోయి రమ్మన్నట్టు ఆమె తలూపింది. టీ దుకాణం ముందు కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, ఉజ్వల ఇచ్చిన పట్టీలు అతికించుకుని లోయ మీది కొండ అంచు వైపు ఎక్కడం మొదలుపెట్టాడు. గంటన్నర పట్టింది. మెట్లు నేర్పినంత మేరకే కాళ్లు సాయం చేశాయి; మిగతాది పాత అలవాటు లాక్కుపోయింది. పైన నిలబడేసరికి చల్లగాలి ముక్కులోకి దిగింది. ఇదీ అనుకున్నాడు.

కింద గిన్నెలాంటి లోయ. ఎండ సగానికి వచ్చింది. గైడు పక్కకు తప్పుకుని, ఎటు దిగుదాం సాబ్, మీ ఇష్టం అన్నాడు.

స్వామి లోయను ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చూశాడు. చివరికి ఎడమ అంచు చూపించి, ముందు తనే దిగాడు. మంచు రవ్వలా మెత్తగా పక్కకు చిమ్ముతోంది. మొదటి రెండు మలుపులు తడబడ్డాయి. మూడోది కుదిరింది. ఆ తర్వాత లెక్కపెట్టలేదు. నాలుగు నిమిషాలు కూడా ఉండదేమో. అడుగుకు చేరి ఆగేసరికి తొడలు వణుకుతున్నాయి, కళ్లు కారుతున్నాయి. గాలికే అని గైడుకు చెప్పాడు. మళ్లీ ఎక్కడానికి వేళ మించిపోయింది.

టీ దుకాణం దగ్గరికి చేరేసరికి సరిత లేచి నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

“ఎర్ర కోటు ఆయన నువ్వే అనుకున్న. ఆ పక్క పడి లేస్తుంటే పానం పోయింది నాకు. వేరేటోడట. నిన్ను చూడనే లేదు నేను,” అంది.

స్వామి ఆమెను ఇవతలికి తీసుకొచ్చి లోయ చూపించాడు. నున్నటి తెలుపు మీద ఎడమ అంచున రెండు జతల వంపులు. ఒకటి గైడుది. ఏది నీదని ఆమె అడగలేదు. కాస్త వంకరగా మొదలైన జత మీదే వేలు పెట్టి, పైనుంచి కిందిదాకా గాలిలో మెల్లగా గీసింది. తర్వాత చాలాసేపు ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఎండకు ఆ గీతలు అంచులు కరుగుతూ వెడల్పయ్యాయి.

ఆ రాత్రి ఢిల్లీలో ఆమె విమానం ముందు. గేటు దగ్గర వరస కదులుతుంటే స్వామి అడిగాడు, వచ్చే ఏడు ఎటు పోదామని. సరిత సంచీ భుజానికి వేసుకుంటూ, ఇప్పుడే చెప్పమంటే ఎట్ల, ఆలోచించుకోవాలె అంది. వెనక్కి చూస్తూనే లోపలికి వెళ్లింది.

ఆదివారం డ్యూటీలో ఉజ్వల కలిసింది. ఎండకు ఆమె ముక్కు తోలు ఊడింది. జార్జియాలో రెండో రోజు పడమటి వాలు చాలా బాగుందని చెప్పి, మీకెలా ఉందని అడిగింది. బాగుందన్నాడు స్వామి. ఆ మాట చాల్లేదని ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ కాసేపు పటం లేని బల్ల ముందు కూర్చుని, ఎవరి పనికి వాళ్లు లేచారు.

ఏప్రిల్ వచ్చి ఎండలు ముదిరాయి. ప్రతి శుక్రవారం స్వామి ఫోన్ చేసినప్పుడు సరిత సముద్రమని ఒకసారి, ఎడారిలో ఇసుక దిబ్బలని ఒకసారి అంటుంది. ఇంకా తేల్చుకోలేదు. ఆయన తొందరపెట్టడం లేదు.