తప్పెవరిదో రాయని రాజీ

వన్ టౌన్‌లో బసవపున్నయ్య గారి పప్పుల గోడౌన్‌లో, బస్తాల మీదికెక్కే బల్ల విరిగి హమాలీ ముస్తాక్ కింద పడ్డాడు. వీపు మీది బస్తా కాలి మీద పడి తొడ ఎముక విరిగింది. పోయినేడు అదే బల్ల మీంచి పడి లాజరు చచ్చిపోయాడు. పగిలినచోట రేకు ముక్క కొట్టి మళ్లీ వాడారు, అంతే.

హమాలీల ముఠాకు మేస్త్రి అయిన నవాబ్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లాజరు పెళ్లాం దానమ్మ కేసు వేస్తానంటే ఆపింది తనే. "కోర్టంటే చెప్పులరిగిపోతాయమ్మా. లోక్ అదాలత్ మన ముఠా పంచాయితీ లాంటిదే" అన్నాడు. ముఠాలో తగువొస్తే తప్పు చేసినవాడు ముందు అందరి ఎదుటా ఒప్పుకోవాలి, తర్వాతే రాజీ. అక్కడా అంతే అనుకున్నాడు, వెర్రివాడు! అక్కడ బసవపున్నయ్య గారు నోరు విప్పనేలేదు. ఎవరి తప్పూ లేదని రాశారు. దానమ్మ వేలిముద్ర వేసింది. ఇద్దరి చేతా నమస్కారాలు పెట్టించి ఫొటో తీశారు. దాని మీద అప్పీలు లేదని తర్వాత తెలిసింది. అయినా కోర్టుకెళ్లేవాడు మూర్ఖుడన్న మాట బజారంతా పాకింది. దాన్ని మోసినవాళ్లలో నవాబే ముందు.

ఆస్పత్రి వరండాలోకి షావుకారు వకీలు గుమాస్తా వచ్చాడు. "శనివారం లోక్ అదాలత్ ఉందండీ. ఒక్కపూటలో అయిపోద్ది."

హమాలీలంతా అలవాటుగా మేస్త్రి వైపు చూశారు.

"ఏం అన్నా, ఈసారి ఎవరిచేత వేలిముద్ర ఏయిస్తావ్?" అంది ముస్తాక్‌ను చూడ్డానికొచ్చిన దానమ్మ.

నవాబ్ సిగ్గుతో చచ్చిపోయాడు. "తప్పు నాదేనమ్మా. బల్ల పుచ్చిందని తెలుసు. తెలిసే ఎక్కించా."

"నాకు చెప్తే ఏం లాభం? కోర్టులో చెప్పు."

"కేసంటే ఎన్నేళ్లు పట్టుద్దో!" అంది ముస్తాక్ భార్య గుల్షన్.

"పట్టనీ. తప్పెవరిదో ఎవరో ఒకరు రాయాలిగా! రాయకపోబట్టేగా నీ మొగుడు పడ్డాడు?" అంది దానమ్మ.

శనివారం నలభైమంది హమాలీలు పని మానేసి, ముస్తాక్‌ను మంచంతో సహా లోక్ అదాలత్‌కు మోసుకొచ్చారు.

"రాజీకి ఇష్టమేనా?" రాజీ కుదిర్చే పెద్దమనిషి నవాబ్‌నే అడిగాడు.

"నన్నడక్కండయ్యా. దెబ్బ తగిలినోణ్ణి అడగండి."

"ఇష్టం లేదు సార్. కేసేస్తాం" అన్నాడు ముస్తాక్.

"కేసేస్తాం!" నలభై గొంతులు. బంట్రోతు బయటికి నెట్టాడు. మంచం ఎత్తుకుని నేరుగా ఒక ప్లీడరు దగ్గరికి నడిచారు.

"సాక్షులెవరు?" అడిగాడు ప్లీడరు.

"ముందు నా పేరు రాయండి. తెలిసీ ఎక్కించిన మేస్త్రినని కూడా రాయండి." నవాబ్ తలెత్తలేకపోయాడు.

"రెండోది నాది" అంది దానమ్మ. ఆమె వెనక హమాలీలు ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడ్డారు.