పక్క సీటు బ్రేకు

నన్ను అందరూ బ్రేకు టీచరమ్మ అంటారు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ బ్రేకు కాకుండా, పక్క సీటు కింద ఇంకొకటి ఉంటుంది. అది నాది. వాళ్ళు స్టీరింగుని ఎవరి పీకో పట్టుకున్నట్టు పట్టుకుని కళ్ళు తేలేసినప్పుడు, దాన్ని తొక్కి ఇద్దరి ప్రాణాలూ నిలబెట్టడం నా ఉద్యోగం. అదంతా కుడికాలితోనే చేశాను కాబట్టి కుడి తుంటే అరిగిపోయిందని నా వాదన. డాక్టర్లు మాత్రం వయసు అంటారు. నా ఎదురుగా నిలబడి వయసు అనడానికి వాళ్ళకి నోరెలా వస్తుందో!

నాకో అలవాటుంది. పాఠం మొదలైన వెంటనే, కారు స్కూలు గేటు దాటకముందే, చెప్పాపెట్టకుండా నా బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కుతాను. కారు ఠక్కున ఆగుతుంది. స్టీరింగు దగ్గరున్నవాళ్ళు బిక్కచచ్చిపోయి, "ఏం తప్పు చేశానండీ?" అంటారు.

"నువ్వేం చెయ్యలేదు. నాది పనిచేస్తోందో లేదో చూసుకున్నా. పోనివ్వు" అంటాను.

ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. ఎవరి బండి ఎక్కినా, కింద ఏమీ లేకపోయినా నా కాలు నేలని తొక్కుతూనే ఉంటుంది. అల్లుడి కారులో ఆ చోట పట్టా చిరిగింది. పాపం, పైకేమీ అనడు. బండిలో నేను కునుకు తియ్యడం మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

అలాంటిదాన్ని పట్టుకుని, తుంటి మార్చాలి, నడుం కింద మొత్తం మొద్దుబారేలా వెన్నులో ఇంజెక్షన్ ఇస్తాం అన్నారు. ఎముక కోస్తారంటే భయం వెయ్యలేదు. ఆ ఇంజెక్షన్ అంటేనే నా భయం.

దానికి కారణముంది. మా అమ్మాయి ఆపరేషన్ చేస్తే పుట్టింది. అప్పుడూ వెన్నులోనే ఇంజెక్షన్ ఇచ్చారు. కోత మొదలుపెట్టగానే నాకు నొప్పంతా తెలిసిపోయింది. అరిచాను. "అది నొప్పి కాదమ్మా, లాగినట్టుంటుంది అంతే" అంది తల దగ్గర నిలబడ్డావిడ. ఒళ్ళు నాది, కోత నాది, అది నొప్పో కాదో ఆవిడ చెబుతోంది! చేతులు పట్టీలతో బిగించి ఉన్నాయి. ఎంత మొత్తుకున్నా ఎవరూ ఆపలేదు. నొప్పినైనా పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటానేమో గానీ, ఆపమన్నా ఆగని బండి మళ్ళీ ఎక్కను గాక ఎక్కను.

అందుకే కిందటిసారి ఆపరేషన్‌కి చేర్చినప్పుడు ఆస్పత్రి గౌను మీదే శాలువా కప్పుకుని, చేతికర్ర టకటకలాడించుకుంటూ ఇంటికొచ్చేశాను. ఎముకల డాక్టరు ముఖం మాడ్చుకున్నాడు. మా అమ్మాయి చాలాకాలం ముభావంగా తిరిగింది. ఇప్పుడిక మంచం దిగి బాత్రూము దాకా వెళ్ళాలన్నా ప్రాణం లేచిపోతోంది. ఇంకా వాయిదా వేస్తే చక్రాల కుర్చీయే గతి అని డాక్టరు తేల్చేశాడు.

"ఈసారి కూడా పారిపోయావంటే నీతో మాట్లాడనమ్మా" అంది మా అమ్మాయి, ఆస్పత్రి గదిలో నా బట్టలు బీరువాలో సర్దుతూ. తాళం వేసి, తాళంచెవి తన సంచిలో పడేసుకుంది కూడా.

"పారిపోడానికి కాళ్ళుండాలి కదే."

"మళ్ళీ నేను పుట్టినప్పటి కథ మొదలుపెట్టకు. విన్నప్పుడల్లా ఎందుకు పుట్టానా అనిపిస్తుంది."

అంతలో మత్తు డాక్టరు వచ్చాడు. నెమ్మదైన మనిషి, మా అమ్మాయి కన్నా చిన్నవాడే. మరునాటి ఆపరేషన్ కోసం ఏ మందులు పడవు, కట్టుడు పళ్ళున్నాయా, ఆయాసం వస్తుందా అని ఒక్కొక్కటీ అడుగుతున్నాడు. నేను మధ్యలో అడ్డుపడి, మా అమ్మాయి వద్దని కళ్ళెర్రజేస్తున్నా వినకుండా, ఆ కథ మొత్తం చెప్పేశాను. ఇప్పుడితను "భయపడకండి" అంటాడు, అనగానే కడిగేద్దామని కాచుకుని కూర్చున్నాను.

అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ రోజు మీకొచ్చింది నొప్పేనమ్మా. మందు సరిగ్గా ఎక్కి ఉండదు. అప్పుడప్పుడూ అలా జరుగుతుంది. వాళ్ళు మీ మాట నమ్మి ఆపాల్సింది."

మా అమ్మాయి బీరువా దగ్గర నుంచి ఇటు తిరిగింది. ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది.

"మళ్ళీ జరగదని మాటివ్వు మరి" అన్నాను కసురుకుంటూ.

"ఇవ్వలేనమ్మా. మొదలుపెట్టే ముందు మందు ఎక్కిందో లేదో చూస్తాను. అయినా నొప్పి తెలిస్తే ఇంకా మందు ఇస్తాను, లేదా పూర్తిగా నిద్రపుచ్చుతాను. చివరిదాకా మీ తల దగ్గరే ఉంటాను. అంతవరకూ నాది పూచీ."

"అది చాలదు బాబూ. నాకు బ్రేకు కావాలి."

నా ఉద్యోగమేమిటో, పక్క సీటు కింద ఏముంటుందో చెప్పాను. అతను నవ్వలేదు. తన చెయ్యి చాపాడు.

"ఇది పట్టుకుని ఉండండి. గట్టిగా నొక్కితే ఆపిస్తాను. ఎందుకని అడగను."

"ఎముకల డాక్టరు ఆగుతాడా? ఆయన ఆగే రకంలా లేడు."

"నేను ఆపమంటే ఆగాలి. అది మా పద్ధతి. నిద్రపట్టే మందు కొంచెం ఇస్తే, కొత్త కీలు బిగించే సుత్తి చప్పుడు వినబడదు. ఇవ్వమంటారా?"

"ఛస్తే వద్దు."

"సరే. మీరు అడిగితేనే ఇస్తా."

అతను వెళ్ళాక, "అంత మంచిగా చెప్పాడు కదా, ఇంక హాయిగా ఉండు" అంది మా అమ్మాయి.

"బ్రేకులు బాగున్నాయని కారు అమ్మేవాడూ చెబుతాడు" అన్నాను.

మరునాడు పొద్దున్నే తీసుకెళ్ళారు. ఆపరేషన్ గది వణికించేసేంత చల్లగా ఉంది. కూర్చోబెట్టి, వీపు వంచమని ఇంజెక్షన్ ఇచ్చారు. పాదాలు వెచ్చబడ్డాయి, తర్వాత బరువెక్కాయి. ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టి, ఛాతీ దగ్గర గుడ్డ తెర కట్టారు. మత్తు డాక్టరు నా ముఖం ముందు కూర్చుని, ఒక చెయ్యి నా చేతికిచ్చాడు. రెండో చెయ్యి తెర అవతల పెట్టి, తొడ మీద చల్లటి స్ప్రే కొడుతున్నానని చెప్పి, "తెలుస్తోందా?" అన్నాడు. తెలియలేదు. అప్పుడు నా చెవి దగ్గరికి వంగాడు.

"బ్రేకు తొక్కండమ్మా."

ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. ఏమీ కాలేదు. బతుకంతా నాతో కలిసి పనిచేసిన కాలు మొదటిసారి నా మాట వినలేదు. లేచి పోదామంటే లేచే దారి లేదు. నాకు మిగిలింది చేతిలో ఉన్న అతని చెయ్యొక్కటే.

తెర అవతల నుంచి ఎముకల డాక్టరు గొంతు ఖంగున మోగింది. "అంతా రెడీయేనా? మొదలుపెడుతున్నా."

నేను ఆ చెయ్యి గట్టిగా నొక్కాను.

"ఆపండి" అన్నాడు మత్తు డాక్టరు.

ట్రేలో ఏదో పెట్టిన చప్పుడైంది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మాస్కు కట్టుకున్న తలకాయ తెర మీంచి నన్ను చూసింది.

"ఏమైంది? నొప్పా?"

"లేదండీ."

"మరి?"

"మీరేం తప్పు చెయ్యలేదు. నా బ్రేకు పనిచేస్తోందో లేదో చూసుకున్నా."

"నొప్పి లేనప్పుడు ఆపితే ఎలాగమ్మా?"

"నొప్పి వచ్చాక చూసుకుంటే, అది కాస్తా పనిచెయ్యకపోతే?"

ఆయన నన్నూ, మత్తు డాక్టర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే ఇక సెలవిస్తారా?" అన్నాడు దెప్పుతున్నట్టు. మత్తు డాక్టరు చెయ్యి మాత్రం కదల్లేదు.

"పోనివ్వండి" అన్నాను.

పోనిచ్చాడు. తర్వాత నన్నెవరో అటూ ఇటూ కుదుపుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి తెలియలేదు. సుత్తి చప్పుడు మొదలైంది. రోడ్డు బాగాలేదు, అంతే, అనుకున్నాను. కాసేపటికి చూసుకుంటే నా వేళ్ళు వదులుగా ఉన్నాయి. ఎప్పుడు వదులయ్యాయో నాకే తెలియలేదు.

"బాబూ, ఆ నిద్రమందు ఉందా ఇంకా?"

"ఉందమ్మా."

"ఇవ్వు. చెయ్యి మాత్రం తియ్యకు."

గదిలో కళ్ళు తెరిచేసరికి మా అమ్మాయి నవ్వుతోంది. "అక్కడ గురక పెట్టావటమ్మా."

"నేనా? బండిలోనా? అబద్ధం" అన్నాను.

సాయంత్రానికి మత్తు వదిలింది. తుంటిలో నొప్పి మెల్లగా మొదలై, చూస్తూండగానే కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. నర్సుని పిలిచి చెప్పాను. ఆ అమ్మాయి కట్టు చూసి, సెలైను చూసి, "కొత్త కీలు కదండీ, బిగిసినట్టుంటుంది. అది నొప్పి కాదు" అంటూ గుమ్మం వైపు తిరిగింది.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి కుర్చీ వెనక్కి నెట్టి లేచి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అది నొప్పే. మా అమ్మ చెప్పింది కదా. మందు తెండి, లేకపోతే మత్తు డాక్టర్ని పిలవండి."

నర్సు మందు తేవడానికి వెళ్ళింది. మా అమ్మాయి ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది, రొప్పుతూ. ఆ రోజు నేను అంత మొత్తుకుని కన్నది దీన్నే.

"ఇక కూర్చోవే" అన్నాను. "చాలు. పనిచేస్తోంది."