గాలి చాలని హీటర్

బ్యాండులో ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా వాయించే రుఫినో, సముద్రం ఒడ్డున ఉన్న ఇకీకె దాకా వెళ్లి గ్యాస్ హీటర్ కొనుక్కొచ్చాడు. అక్కడ చలికాలంలో వచ్చే ఆగస్టు తిరునాళ్లు దగ్గరపడుతున్నాయి. ఎత్తైన పీఠభూమి మీది ఒరూరో ఊళ్లో చలికి బ్యాండువాళ్ల వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. సాధన జరిగేది అతని ఇంటి వెనక గదిలోనే.

మొదటి ఆదివారం పాట సగమైనా కాకముందే హీటర్ ఆరిపోయింది. వెలిగించాడు. మళ్లీ ఆరింది.

"అంత పెద్ద ట్యూబాలోకి గదిలో గాలంతా నువ్వే లాగేస్తుంటే దానికేం మిగుల్తుంది బావా?" అన్నాడు ట్రంపెట్ వాయించే తెలెస్ఫోరో.

"కింద సముద్రం పక్కన పుట్టిన పిల్లది. ఇంత ఎత్తుకొస్తే కళ్లు తిరగవూ? కాస్త కోకా ఆకుల టీ పట్టండి పాపం," అంది రుఫినో భార్య కసిమిరా.

సిలిండర్ మార్చినా అంతే. గ్యాస్ అంగడాయన్ని అడిగితే అసలు సంగతి చెప్పాడు. గాలిలో ప్రాణవాయువు తగ్గితే దానంతటదే ఆరిపోయే ఏర్పాటు లోపల ఉందట. ఈ ఎత్తులో గాలి ఎటూ పలచనేనట. మూసిన గదిలో అసలు వాడొద్దన్నాడు. రుఫినో చెవికెక్కింది మొదటి సగమే. ఇంటికొచ్చి హీటర్ విప్పి, ఆ ఏర్పాటు పనిచెయ్యకుండా చేశాడు.

"ఊపిరాడట్లేదని మొత్తుకుంటుంటే దాని నోరు కట్టేస్తావేంటయ్యా?" అంది కసిమిరా.

"నువ్వు వంటింటి సంగతి చూసుకోవే."

"చూసుకుంటాలే. వంటింటికి కిటికీ అయినా ఉంది."

తరువాతి ఆదివారం హీటర్ భేషుగ్గా వెలిగింది. తలుపు సందులో దుప్పటి కుక్కారు. అందరూ రుఫినో వీపు తట్టారు. కాసేపటికి తెలెస్ఫోరో శ్రుతి తప్పాడు.

"పొద్దున్నే ఏం తాగొచ్చావురా?" అన్నారు బ్యాండు మాస్టారు అన్సెల్మో.

"చుక్క ముట్టలేదు మాస్టారూ, ఒట్టు," అంటూనే అతను గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. అందరూ నవ్వారు. రుఫినో కూడా నవ్వబోయాడు. కణతలు పగిలిపోతున్నాయి. పక్కన డప్పు వాయించేవాడు కడుపు పట్టుకుని వంగిపోయాడు.

అంగడాయన చెప్పిన రెండో సగం అప్పుడు గుర్తొచ్చింది రుఫినోకి. లేవబోతే కాళ్లు నిలవలేదు. ట్యూబా ధనామని కింద పడింది. పాకుతూ వెళ్లి దుప్పటి లాగేసి తలుపు తీశాడు.

"బయటికి! అందరూ బయటికి పోండి!"

చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన కసిమిరా, అతనూ కలిసి తెలెస్ఫోరోను వాకిట్లోకి ఈడ్చారు. అందరూ ఆసుపత్రికి వెళ్లారు. మూసిన గదిలో గ్యాస్ సరిగ్గా మండక విషవాయువు పుట్టిందన్నారు డాక్టర్లు. తెలెస్ఫోరోకి సాయంత్రం దాకా ఆక్సిజన్ పెట్టి ఉంచారు. మంచం పక్కన రుఫినో తల వంచుకుని కూర్చున్నాడు.

"నా వల్లే బావా," అన్నాడు.

తెలెస్ఫోరో ముక్కు మీది గొట్టం సర్దుకున్నాడు. "నాకంటే గట్టిగా వాయించాలనుంటే చెప్పొచ్చు కదరా. చంపడం దేనికి?"

రుఫినోకి నవ్వుతోపాటు ఏడుపూ వచ్చింది. ఇంటికొచ్చే దారంతా కసిమిరా ఒక్క మాట అనలేదు. దానికే అతనికి ఎక్కువ భయమేసింది.

"తిట్టవేమే?" అన్నాడు ఇల్లు చేరాక.

"తిడతాలే. ముందు నీ తల నెప్పి తగ్గనీ. సరిగ్గా వినబడాలి కదా."

ఇంకెవరి చేతికీ పోకుండా హీటర్‌ను ముక్కలు చేసి పాత ఇనుములో పారేశాడు. మరుసటి ఆదివారం మిట్టమధ్యాహ్నపు ఎండలో, వాకిట్లో, పోంచో కంబళ్లు కప్పుకుని సాధన మొదలుపెట్టారు. ట్యూబాకు పెద్ద సొట్ట పడింది. ఒక స్వరం దగ్గర అది ఆవలిస్తున్నట్టు మోగింది. మాస్టారు ఆపి, ఇదే బాగుందంటూ ఆ స్వరాన్నే మళ్లీ వాయించమన్నారు.