రేడియోలో రాని సీను

ముంబై దగ్గరి కనేరిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన అంకుశం ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయి ఏడాది దాటింది. 1999లో ఒక ఆదివారం అతని భార్య కనకవ్వ ధామన్‌కర్ నాకా దగ్గర కిరాణా కొట్టులో నిలబడి ఉలిక్కిపడింది. రేడియోలో తెలుగు నాటకం వస్తోంది. అందులో ప్రతి మాటా ఆమెకు తెలుసు. చదువురాని ఆమెకు అంకుశం రాసిందల్లా చదివి వినిపించేవాడు. ఆమె బాగుందంటేనే ఉంచేవాడు.

చివర్లో మాత్రం రచయిత ఓంప్రకాష్ అని చెప్పారు. నాటక పోటీలకు న్యాయనిర్ణేతగా వచ్చి, తెలిసినవాళ్లచేత చదివిస్తానంటూ అంకుశం నోటుబుక్కు పట్టుకెళ్లిన మనిషి.

కనకవ్వ ముంబైలో నాటక, రేడియో రచయితల సంఘం మెట్లెక్కింది. కార్యదర్శి గోవిందరాజులు అంతా విని, ఓంప్రకాష్‌ను రాతప్రతితో సహా పిలిపించాడు.

"అమ్మా, మీ ఆయన సంఘంలో సభ్యుడు కాదు. నాటకం ఇక్కడ రిజిస్టరు కాలేదు. ఇంకేదైనా కాగితం ఉందా?"

"ఇంట్లకు వాననీళ్లొచ్చి అన్ని కరాబైనయి సారూ. నాకు యాదికున్నది."

"రేడియోలో విన్నవాళ్లెవరైనా చెప్తారు," అన్నాడు ఓంప్రకాష్.

"రేడియోల రానిదే చెప్త. కొడుకు సచ్చినంక తల్లి సాంచ కాడికి పోయే సీను తీసేసిన్రు."

గోవిందరాజులు రాతప్రతిలో ఆ పేజీ తెరిచాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"సాంచలు బంద్ చెయ్యకుండ్రి. బంద్ చేస్తే నా ఏడ్పు నాకే ఇనబడ్తది. కొడుకా, కొడుకా..."

ఆయన వేలు అక్షరాల వెంట కదిలింది. ఆమె ఆగింది.

"గీడ ఆయన 'కొడుకా' అని ఒక్కపారే రాసిండు. నేనే రెండుపార్లు పెట్టుమన్న."

కాగితంలో రెండుసార్లే ఉంది. చివరిదాకా ఒక్క మాట తప్పలేదు.

ఓంప్రకాష్ తల దించుకున్నాడు. "అతను పోయాడని తెలిసింది. అడిగేవాళ్లుండరనుకున్నాను."

"నేనున్న గద," అంది కనకవ్వ.

సంఘం రేడియోవాళ్లకు ఉత్తరం రాసింది. దసరాకు ముందు నాటకం అంకుశం పేరుతో, ఆ సీనుతో సహా మళ్లీ వచ్చింది. కనకవ్వ ఇరుగుపొరుగును కూర్చోబెట్టుకుని విన్నది. అతని పేరు వినపడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం గోవిందరాజులు కనేరికి వచ్చాడు.

"ఇంకేమైనా రాశాడా అమ్మా?"

"ఇంకో మూడున్నయి. రెండు మొత్తం నోటికొస్తయి. మూడోది సగం చదివినంక దగ్గు అందుకున్నది, దవఖానకు తీస్కపోయిన. మిగిలింది నేను ఇనలే."

ఆయన సంచి విప్పాడు. రాసుకోడానికి కాగితాలు, కలం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కనకవ్వ గొంతు సవరించుకుని మొదటి నాటకం అందుకుంది.