రంగు గీకిన చేతులు

భూదేవికి నరహరి పేరెత్తితేనే ఒళ్లుమంట. వరసకు బావే, భర్త బిక్షపతికి పెదనాన్న కొడుకే. లాక్‌డౌన్‌లో, బతకడానికి వలసొచ్చిన లింబాయత్‌లో సాంచెలన్నీ, అంటే మరమగ్గాలన్నీ మూతపడి నేతపని పోయినప్పుడు, ఊరివాళ్లను పోగేసి పాత బంగళాల తలుపులకూ కిటికీలకూ ఉన్న రంగు గీకే పనికి పెట్టాడు. దాంతో అందరికీ దేవుడైపోయాడు. దేవుడు కదా, ప్రసాదం కూడా పంచేవాడు. సాంచెల దగ్గర దూది నూగు మింగినవాళ్లు బెల్లం తింటే గొంతు శుభ్రపడుతుందని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇక్కడికీ మోసుకొచ్చి, రంగు గీకుతున్న చేతుల్లోనే తలా ఒక ముక్క పెట్టేవాడు.

బిక్షపతికి కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలైంది. తిండి సయించదు, అయినదానికీ కానిదానికీ కసురుకుంటాడు. భూదేవి పోరి పోరి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన రక్తపరీక్ష చేయించి, ఒంట్లోకి సీసం చేరిందన్నాడు. పాత రంగుల్లో ఉంటుందట. అతను ఆ పని మానకపోతే నరాలూ కిడ్నీలూ దక్కవన్నాడు. మిగతావాళ్లు కూడా తడిపే గీకాలి, గట్టి మాస్కు కట్టుకోవాలి, చేతులు కడగకుండా ఏదీ నోట్లో పెట్టకూడదన్నాడు. బిక్షపతి అంతా విని మర్నాడు మళ్లీ పనికే పోయాడు.

భూదేవి ఊరుకోలేదు. వెనకాలే బంగళాకు పోయింది.

"బావా, జర నీళ్లు చల్లి గీకిపియ్యి. ఆ బెల్లం బంద్ చెయ్యి. చేతుల నిండ సీసమే, గదే కడుపులకు పోతున్నది. మా ఆయనను ఇంక పనికి పిలువకు."

"తడిపితే ఆరేదాంక కూసుంటమా? సేఠ్ జల్దీ జల్దీ అని పానం తీస్తున్నడు. నేను పెట్టే బెల్లం నీకు ఇసం లెక్క కనిపిస్తున్నదా?"

"గిట్లయితే సస్తరు బావా."

"పనిలేక సస్తుంటే నేనే తెచ్చి పెట్టిన. గప్పుడు యాడికి పోయిండు నీ డాక్టరు?"

అందరూ నవ్వారు. మూల కూర్చుని గీకుతున్న గంగవ్వ "మా నోటికాడి కూడు తియ్యకే తల్లీ" అని దండం పెట్టింది. ఆ దండంలోనూ తిట్టే ఉంది. బిక్షపతికి అన్న ముందు తల కొట్టేసినట్టయింది. దుమ్ము పట్టిన వేళ్లతోనే బెల్లం ముక్క అందుకుని, పెళ్లాం మొహంలోకి చూస్తూ కసిగా నమిలాడు.

భూదేవి వెనక్కి తిరిగింది. ఈ మనిషిని బతిమాలి లాభం లేదు. సీసమంటే వీళ్లలో ఒక్కరికీ భయం లేదు. వీళ్ల భయమంతా ఇంకోదానికి.

జ్వరాలు అడుగుతూ తిరిగే కార్పొరేషన్ వాళ్లు గల్లీలోకి రాగానే ఎదురెళ్లింది. మా ఆయనకు దగ్గు, జ్వరం, వాసన తెలియడం లేదు, పనిలో అందరితో కలిసి తింటున్నాడు అని వచ్చీరాని హిందీలో చెప్పేసింది. ఆ చివరిది తప్ప అన్నీ అబద్ధాలే. ఒక్క మాట దగ్గర కూడా తడబడలేదు.

సాయంత్రానికల్లా బంగళా గేటు మూశారు. బిక్షపతిని క్వారంటైన్‌కు తీసుకుపోయారు. భూదేవి ఉండే ఒంటిగది ఖోలీకి అడ్డంగా బొంగులు కట్టారు. నరహరి ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ఇన్నాళ్లకు చుట్టుకున్నాడు మహానుభావుడు, గల్లీ చివరినుంచే ఆమె ఏడుతరాలనూ తిట్టిపోశాడు. తర్వాత బంగళాలో క్రిములు చచ్చే మందు చల్లించి, మిగతావాళ్లతో ఎప్పటిలాగే పొడిగా గీకించడం మొదలుపెట్టాడు.

పరీక్షలో బిక్షపతికి కరోనా లేదని తేలింది. వదిలేస్తే ఇంటికి రాలేదు. నేరుగా నరహరి దగ్గరికి పోయాడు, అక్కడినుంచి బమ్రోలి, ఉన్ పేటల దాకా తిరిగి కనపడ్డ మేస్త్రీనల్లా పని అడిగాడు. రిపోర్టు చూపించినా ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. చివరికి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"నువ్వే చెప్పినవ్ గదా?"

"నేనే చెప్పిన."

"అన్న నా మొఖం చూస్తలేడు. రంగు పనికి ఇంక నన్ను ఎవ్వడు పిలువడు. సంతోషమేనా?"

భూదేవి గుండె మీదినుంచి బండ దింపినట్టయింది. దాచుకుందామన్నా దాగలేదు, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

"సంతోషమే" అంది.

బిక్షపతి చెయ్యెత్తాడు. కొట్టలేదు. లోపలికొచ్చి ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. అన్నం పెడితే కంచం తోసేశాడు.

"జిందగీల నీతోని మాట్లాడ."

"మాట్లాడకు. ఉండు, గంతే చాలు" అని కంచాన్ని మళ్లీ అతని ముందుకు జరిపింది.