ఆరోగ్యవంతుడు నంబరు ఇరవై మూడు

ప్రొఫెసర్ సోమయాజులుగారు పదకొండేళ్లుగా కడుపు క్యాన్సర్ ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అని లెక్కలు కడుతున్నారు. మన దగ్గర ఆ జబ్బు అరుదు. ఏడాదికి లక్షమందిలో అయిదారుగురు. కాబట్టి రోగులు దొరకడమే కష్టం. ఈసారి మాత్రం రోగి దొరికాడు, ఆరోగ్యవంతుడే దొరకలేదు.

ఒక్కో రోగికి, అదే వయసులో, అదే పేటలో, ఏ కడుపు బాధా లేని మనిషిని జోడీగా తెచ్చి ఇద్దరి తిండీ అలవాట్లూ పోల్చి చూడాలి. హైదరాబాదు తార్నాకలో ఇరవై మూడో రోగిగా యాభై ఎనిమిదేళ్ల ఆయన ఒకరు తేలాడు. ఆ రోగికి జోడీ కోసం ప్రొఫెసర్‌గారి సహాయకురాలు నవనీత వారం రోజులు గేటు గేటూ తిరిగింది. ఒకాయన కుక్కను వదిలాడు, ఇంకొకాయన తలుపే తియ్యలేదు.

"నేనున్నాగా! తార్నాకే, యాభై ఎనిమిదే," అన్నారు సోమయాజులుగారు, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కుర్చీలో సర్దుకుంటూ.

నవనీత ప్రశ్నల కాగితం తీసింది. ఈ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే చదివి, ఆయన దగ్గరే పనిలో చేరిన పిల్ల. ఎదుటివాళ్లు అబద్ధమాడితే కలం ఆపేయడం ఆమె అలవాటు.

ఉప్పు, ఊరగాయలు, పొగ అన్నీ సాఫీగా సాగాయి.

"ఈ మూడు నెలల్ల కడుపునొప్పి గిట్ల వచ్చిందా సార్?"

"లేదు."

కలం ఆగింది.

"మరి సొరుగుల ఆ గులాబీ రంగు మందు సీసా ఎవరిది?"

"అదా... పాతది."

"మొన్న సోమవారం నేనే తెచ్చిచ్చిన. పాతదెట్లయితది?"

"కారం తింటే కాస్త మంట. మంట నొప్పి కాదమ్మా."

"మంట అన్నా 'అవును' అనే రాయాలె అని నాకు నేర్పింది మీరే. మీరు చిక్కిపోయి బెల్టుకు కొత్త రంధ్రం పడ్డది, అది గూడ రాయాల్నా?"

సోమయాజులుగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఇన్నేళ్లూ ఆ అయిదారుగురిని ఆయన పైనుంచి చూశారు. మూడు నెలలుగా మాత్రం మిగతా లక్షమంది వెనకాల నక్కి కూర్చున్నారు. లక్షకు అయిదారు అనే అంకె ఊరి సంగతి చెబుతుంది గాని మనిషి సంగతి చెప్పదని ఏటా కొత్త విద్యార్థులకు చెప్పే మనిషే, ఆ అంకెను తాయెత్తులా ఎప్పుడు కట్టుకున్నారో ఆయనకే తెలియదు.

"భయమైతుందా సార్?" నవనీత గొంతు తగ్గింది.

"అవునని రాయి," అన్నారాయన.

"ఏ ప్రశ్నకు?"

"రెంటికీ."

మర్నాడే తార్నాక ఆసుపత్రిలో ఆయన కడుపులోకి కెమెరా గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. వారానికి రిపోర్టు వచ్చింది. మామూలు పుండు, మందులతో మానేదే. సోమయాజులుగారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చదివారు.

"మరి నన్ను జోడీగా..."

"పనికిరారు సార్. ఇటు రోగి గాదు, అటు ఆరోగ్యవంతుడు గాదు. మీ స్టడీకి మీరే ఒద్దు."

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే తార్నాక సందుల్లోకి బయల్దేరారు. మూడో గేటు దగ్గర సుబ్బరాయుడు అనే పెద్దమనిషి దొరికాడు. సరిగ్గా యాభై ఎనిమిది. కడుపునొప్పి మాట ఎత్తగానే పొట్ట తట్టి చూపించాడు.

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను!"

నవనీత రాయబోయింది. సోమయాజులుగారు చెయ్యి అడ్డం పెట్టి, మెట్టు మీద ఆయన పక్కనే కూర్చున్నారు.

"సుబ్బరాయుడుగారూ, మీ సొరుగులో సీసా ఏ రంగుది?"