మూడో వరుసలో ఎక్కువైన కుర్చీ

ఎంతమంది సభ్యులుంటే హాల్లో అన్నే కుర్చీలు ఉండాలని అకౌంటెంట్ల సంఘం నియమం. ఏటా వార్షిక సమావేశం రోజున ఇద్దరు సభ్యులు విడివిడిగా కుర్చీలు లెక్కపెట్టి రిజిస్టర్లో సంతకాలు చేస్తారు. ఏటా ఒకటి ఎక్కువ వస్తుంది. మూడో వరుసలో, కిటికీ పక్కన, పేము అల్లిన పాత చెక్క కుర్చీ.

ఒక్క అంకె తేడా వస్తే అన్నం సహించని మనుషులు కదా, మొదట్లో దాన్ని వదిలించుకోవాలని నానా తంటాలూ పడ్డారు. ఒకసారి ఊరి చివర బడికి ఇచ్చేశారు. తెల్లారేసరికి కాళ్లకు బురదతో తిరిగొచ్చి తన చోట నిలబడింది. ఆ తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు. 'ఒకటి ఎక్కువ' అని రాసి, కింద గీత గీసి, టీ తాగుతున్నారు. యాభై రెండేళ్లుగా ఇదే వరస. అందులో ఎవరైనా కూర్చోవచ్చు గానీ నిమిషం మించి కూర్చోలేరు. ఎవరో రుమాలు వేసి ఆపుకున్న సీట్లో కూర్చున్నట్టు ఉంటుందట.

సంఘానికి డెబ్బై ఐదేళ్లు నిండుతున్నాయని చరిత్ర రాయించాలనుకున్నారు. సభ్యులు ఎవరు రాసినా మూడో వాక్యానికే పట్టికలోకి దిగిపోతున్నారు. అందుకని ఆ పని ఆఫీసు టైపిస్టు నెత్తిన పడింది.

టైపిస్టు పెరిగింది పెద్దమ్మ దగ్గర. ఆ పెద్దమ్మ రోజూ పొద్దున్నే పేపరు అంచుల మీద తన సంతకం రాసుకుంటుంది. ఇరవై రెండేళ్లప్పుడే అకౌంటెంట్ల పరీక్ష పాసైంది. అయితే సంఘంలో సభ్యత్వం ఉంటేనే లెక్కల కింద సంతకం పెట్టే హక్కు. దరఖాస్తు పెట్టుకుంది. అడిగినప్పుడల్లా 'పరిశీలనలో ఉంది, వచ్చే సమావేశంలో చూస్తాం' అని జవాబు. నలభై ఏళ్లు ఒక ఆఫీసులో లెక్కలన్నీ తనే చూసింది, కింద సంతకం మరొకాయన పెట్టాడు.

"ఇంకా ఈ సాధన ఎందుకు పెద్దమ్మా?" అని అడిగితే, "వచ్చే సమావేశంలో చూస్తామన్నారుగా! కాదని అయితే అనలేదు," అంటూ వీధి తలుపు వైపు చూసేది.

చరిత్ర కోసం సమావేశాల పాత మినిట్సు పుస్తకాలు తిరగేస్తుంటే, మూడో పుస్తకం ఆఖరి పేజీ ఆఖరి లైన్లో పెద్దమ్మ పేరు కనిపించింది. 'దరఖాస్తు వచ్చే సమావేశానికి వాయిదా.' అక్కడితో పుస్తకం నిండిపోయింది. గబగబా నాలుగో పుస్తకం తెరిచింది. మొదటి అంశం టీ కప్పులు కొనడం గురించి. పాత పుస్తకంలో మిగిలింది కొత్త పుస్తకంలోకి ఎక్కించాలని లెక్కల పనిలో చేరిన మొదటి రోజే నేర్పుతారు. అది మర్చిపోయారు. సామాన్ల రిజిస్టరు కూడా తీసి చూసింది. కుర్చీ ఎక్కువ రావడం మొదలైంది ఆ మరుసటి ఏడాది నుంచే.

"నిన్ను ఎవరూ కాదనలేదు పెద్దమ్మా. మర్చిపోయారు, అంతే," అని ఆ సాయంత్రం చెప్పింది.

"కాదన్నా బాగుండేదే," అంది పెద్దమ్మ. "సమావేశం ఎప్పుడు?"

టైపిస్టుకు సమావేశంలో నోరెత్తే హక్కు లేదు. ఎజెండా టైపు చేసేది మాత్రం తనే. మొదటి అంశంగా 'మూడో పుస్తకంలో మిగిలిపోయిన దరఖాస్తు' అని కొట్టి, కింద పెద్దమ్మ పేరు పెట్టింది. అధ్యక్షుడికి చేతికిచ్చిన కాగితం ముందుగా చూసుకునే అలవాటు లేదు. ఉన్నదున్నట్టు పైకి చదివేశాడు.

ముందు వరుసలోంచి ఎనభై దాటిన పాత కోశాధికారి కర్ర పట్టుకుని లేచాడు.

"నాలుగో పుస్తకం మొదలుపెట్టింది నేనే. ఎక్కించడం మర్చిపోయాను. చిన్నపిల్లలు కూడా చెయ్యని తప్పు," అన్నాడు. "ఇప్పుడైనా చేతులెత్తండయ్యా."

అందరూ ఎత్తారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దమ్మ లోపలికి వచ్చింది. ఎవరూ చూపించకుండానే మూడో వరుసకు వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. నిమిషం దాటింది. ఆవిడ లేవలేదు. సభ్యుల రిజిస్టరు తెచ్చి ఒళ్లో పెట్టారు. కలం పట్టుకుని ఊరికే ఉండిపోయింది.

"సంతకం చెయ్యండమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

"చేస్తాను నాయనా. మరి ఈ యాభై రెండేళ్లూ ఏ పుస్తకంలోకి ఎక్కిస్తారు?"

పాత కోశాధికారి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆవిడే జాలిపడి సంతకం చేసేసింది.

కుర్చీలు మళ్లీ లెక్కపెట్టారు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అయినా ఆ పూట ఎవరికీ ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

మర్నాడు టైపిస్టు నిద్ర లేచేసరికి పేపరు మడత విప్పకుండా బల్ల మీదే ఉంది. పెద్దమ్మ సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలో వంగి చెప్పులు తొడుక్కుంటోంది.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి పెద్దమ్మా?"

"పనికి," అంది. "ఇప్పటికే ఆలస్యమైంది."